బోర్డు ఉందంటే సందు ఉన్నట్టే

నేనేం పని చేస్తానని ఎవరైనా అడిగితే, బండి నడపడం వచ్చినవాళ్ళకు రోడ్డు మీద బోర్డులు చదవడం నేర్పుతానని చెప్తాను. విన్నవాళ్ళు ముందు నవ్వుతారు. తర్వాత కాస్త ఆలోచించి, "అవి చదవాల్నా?" అని అడుగుతారు. అలా అడిగినవాళ్ళు ఎప్పటికైనా నా క్లాసుకు వస్తారని నాకు తెలుసు.

నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో ఒక గల్లీ, ఆ గల్లీలో ఒక జిరాక్స్ షాపు, దాని పైన రేకుల గది. అదే మా బావ డ్రైవింగ్ స్కూలు. బావంటే మా పెద్దక్క భర్త. బండ్లు నడపడం నేర్పేది ఆయన, కింద. గుర్తుల క్లాసు చెప్పేది నేను, పైన. అంతకుముందు ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేదాన్ని. పిల్లల మీద అరిచి అరిచి నా గొంతు పోయాక బావ పిలిచి, "మా దగ్గర అందరూ పెద్దోళ్ళే, అరవాల్సిన పని ఉండదు" అన్నాడు. ఆయనకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. పాపం, ఎప్పుడూ పై గదిలో కూర్చోలేదంతే.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మోటర్‌సైకిల్ వాళ్ళు. మీసం రాకముందే బండి నేర్చుకుని, పెళ్ళయి పిల్లల్ని బడిలో వేసేదాకా నడిపి, ఏదో ఒకరోజు పోలీసుకు దొరికి, అప్పుడు లైసెన్స్ కోసం వస్తారు. పిల్లలు పుట్టాక పెళ్ళి రిజిస్ట్రేషన్ చేయించుకున్నట్టు ఉంటుంది వాళ్ళ వ్యవహారం. వచ్చిన మొదటి రోజు నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మేడం, మీకు బండొస్తదా?" అని అడగని మగవాడు నాకింతవరకు తగల్లేదు. కిటికీలోంచి కింద నిలబెట్టిన నా స్కూటర్ చూపిస్తాను. "గదా? గేర్లు లేనిదా?" అని ఒక నిట్టూర్పు విడిచి కూర్చుంటారు. ఆ తర్వాత ముక్కోణం అంటే జాగ్రత్త అని, గుండ్రం అంటే హుకుం అని, పలక ఆకారం అంటే సమాచారం అని నేను చెప్తూ ఉంటే ఫోన్లు చూసుకుంటారు.

పక్కనే కోర్టు ఉండడంతో మాకు లాయర్ల తాకిడి కూడా ఉంది. నల్లకోటు చేతి మీద వేసుకుని ఒకాయన వచ్చేవాడు. నో ఎంట్రీ బొమ్మ చూపిస్తే వాదనకు దిగాడు. "దీంట్ల 'ఎంట్రీ' అన్న మాట ఏడ రాసి ఉన్నది మేడం? ఎర్ర గుండ్రం, నడుమ తెల్ల పట్టీ. గింతే గద. దీన్ని పట్టుకోని నా క్లయింటును లోపలికి పోవద్దంటే జడ్జిగారు ఒప్పుకోడు." ఆయన క్లయింటు ఎవరో కాదు, ఆయనే. అబిడ్స్‌లో రాంగ్ రూటులో దొరికాడు.

ఇలాంటి వాళ్ళ మధ్యలోకి ఒకరోజు ఒకావిడ వచ్చింది. వయసు యాభై దాటి ఉంటుంది. చీర కొంగు నడుముకు చెక్కి, చేతిలో కొత్త హెల్మెట్‌తో మెట్లెక్కి వచ్చింది. వెనకాలే ఆమె భర్త. ఆయన గదిలోకి వస్తూ వస్తూ గుమ్మానికి భుజం కొట్టుకుని, గుమ్మాన్ని ఒక తిట్టు తిట్టాడు. రెండడుగులు వేసి, పక్కనున్న స్టూలుకు కాలు తగిలించుకుని దాన్నీ తిట్టాడు. తర్వాత నా ఎదురుగా నిలబడి, నా చీరను రెప్ప వేయకుండా చూసి, "మేడం, గీ చీరకు మీరేసుకున్న జాకెట్ జర తేడా కొడ్తున్నది. మా దుకాణంకు రాండ్రి, సరైంది ఇస్త" అన్నాడు. అబిడ్స్‌లో వాళ్ళకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్ ముక్కలు, చీర ఫాల్స్, లంగాలు అమ్ముతారు. ఆయన చెప్పింది నిజమే, జాకెట్ రంగు తేడాగానే ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"మా ఇంటామెకు లైసెన్స్ కావాల్నంట," అన్నాడు క్లాసు మొత్తానికి వినపడేలా. "తెచ్చుకోమను. తెచ్చుకున్న దినం నా స్కూటర్ తాళంచెవి ఆమె చేతుల పెడ్త. అప్పటిదంక నేనే నడుపుత. నడుపుడు అంటే ఏమన్న తమాషానా?" మగవాళ్ళందరూ నవ్వారు. ఆయన గోడను తడుముకుంటూ మెట్లు దిగి వెళ్ళాడు.

ఆయన కిందికి వెళ్ళేదాకా ఆగి, ఆమె నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది.

"మేడం, ఆయనకు పక్కచూపు పోయింది. కండ్ల దవాఖానల నీటికాసులన్నరు. ఎదురుంగ ఉన్నదొక్కటే కనపడ్తది, అటు ఇటు ఏముంటె గది కనపడదు. పోయిన చూపు మల్ల రాదంట. బండి ముట్టొద్దన్నరు. వింటడా? ఎదురుంగ పెట్టిన చీరకు రంగు కలుపుతున్న గద, నా కండ్లకేమైంది అంటడు."

"మరి రోజూ దుకాణానికి ఎట్లా వెళ్తున్నారు?"

"స్కూటర్ మీద."

"ఎవరు నడుపుతారు?"

"ఆయనే. నేను ఎన్క కూసుంట గద." ఇంకా అర్థం కాలేదా అన్నట్టు చూసి, నా భుజాల మీద చేసి చూపించింది. కుడివైపు ఏమైనా వస్తే కుడిభుజం మీద తడుతుంది. ఎడమవైపు వస్తే ఎడమభుజం. రెండూ తడితే ఆగాలి. అప్పటికీ ఆగకపోతే నడుము మీద ఒక గుద్దు. నాంపల్లి నుంచి అబిడ్స్‌కు, అబిడ్స్ నుంచి నాంపల్లికి ఆ ఇద్దరూ రోజూ ఇలాగే పోయివస్తున్నారు.

నేను హిమాయత్‌నగర్‌లో ఉంటాను. ఇంటికి వెళ్ళడానికి నాదీ ఆ రోడ్డే. ఆ సాయంత్రం దారి పొడుగునా అద్దంలోంచి వెనక్కి చూసుకుంటూనే పోయాను. ఎన్నాళ్ళ నుంచో ఆ స్కూటర్ నా పక్క నుంచి పోతూనే ఉండి ఉంటుంది, నేనొక్కసారీ గమనించలేదు. చూపులేని మనిషి నడుపుతున్న బండికీ చూపున్న మనిషి నడుపుతున్న బండికీ అబిడ్స్‌లో తేడా ఎలా తెలుస్తుంది? ఆలోచించే కొద్దీ నాకు భయం ఎక్కువైంది.

ఆటోలో పోవచ్చు కదా అని మర్నాడు అడిగాను. "పొద్దుగాల దుకాణం ముంగట ఆటో దిగితే బజార్ల అందరు ఏమైంది ఏమైంది అంటరంట. పరువు పోతదంట," అంది. పిల్లలు చెప్పి చూశారు, వినలేదు. చివరికి ఆయన నోటి నుంచి వచ్చిన మాట ఆ తాళంచెవి మాటే. అదైనా ఎందుకన్నాడంటే, ఈ వయసులో ఆమె పరీక్ష పాసవదని ధైర్యం. "ఆయన ఎవరికన్న గుద్దకముందు నేను గా తాళంచెవి గుంజుకోవాలె మేడం. నాకు లైసెన్స్ సోకు ఏమ్లేదు."

బండి పట్టుకోవడం ఆమెకు తొందరగానే వచ్చింది. పొద్దున్నే ఖాళీగా ఉండే గల్లీలో మా బావ నేర్పాడు. నా క్లాసులోనే గాడి తప్పింది. ఆమెకు బోర్డులు తెలియక కాదు. అన్నీ తెలుసు, అన్నీ తలకిందులుగా తెలుసు.

యూటర్న్ నిషేధం బొమ్మ చూపించి ఇదేమిటని అడిగాను.

"యూటర్న్ ఉన్నదని."

"దాని మీద అడ్డంగా ఎర్ర గీత ఉంది కదా అక్కా?"

"ఉన్నది. కని గీ బోర్డు ఏడ పెడ్తరో చూడుండ్రి. డివైడర్ల సందు ఉన్న కాడనే పెడ్తరు. సందు లేని కాడ పెట్టరు. తిరగాల్నంటే నేను ముందుగాల గీ బోర్డు కోసమే చూస్త. కనపడంగనే ఆయనకు కుడిభుజం తడ్త."

క్లాసు అంతా తలలూపింది. ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు కూడా తలెత్తి, మొదటిసారి శ్రద్ధగా విన్నారు. లాయరైతే బల్ల చరిచి, "కరెక్ట్ పాయింట్. బోర్డు ఉన్నదంటే సందు ఉన్నట్టే" అని తీర్పు ఇచ్చేశాడు. ఇంకొకతను, ఆ బోర్డు దగ్గర పోలీసు నిలబడేది పొద్దున పూటేనని, మధ్యాహ్నం నీడ కోసం అవతలికి పోతాడని అదనపు సమాచారం ఇచ్చాడు. నో పార్కింగ్ బొమ్మ చూపిస్తే పార్కింగ్ అంది. ఏడ చూసినా బండ్లన్నీ దాని కిందనే పెడతారట. హారన్ నిషేధం బొమ్మ చూపిస్తే, దవాఖాన ముందర ఉంటుంది, అక్కడ జనం రోడ్డుకు అడ్డం పడతారు కాబట్టి హారన్ గట్టిగా కొట్టాలని అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బడిలో పిల్లల మీద కూడా అంత అరవలేదు.

"నేను చెప్పేది పుస్తకంలో ఉన్నది!" అన్నాను.

"మీరు చెప్పేది పుస్తకంల ఉన్నది మేడం. నేను చెప్పేది రోడ్డు మీద ఉన్నది," అంది ఆమె. వెటకారం ఏమీ లేదు, నాకు సాయం చేస్తున్నట్టు చెప్పింది.

లర్నింగ్ పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది. బొమ్మ వస్తుంది, కింద జవాబులు వస్తాయి, ఒకటి నొక్కాలి. ఆమె రోడ్డు మీద తను చూసిందంతా నిజాయితీగా నొక్కి, ఫెయిలై వచ్చింది. ఆయన ఆనందం చూడాలి. ఆ సాయంత్రం ఫ్లాస్కు నిండా చాయ్ తెప్పించి మా క్లాసులో అందరికీ పోయించాడు. భార్య ఫెయిలైనందుకు పార్టీ ఇచ్చిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. "ఇగ నేనే గతి," అంటూ నా చేతికి కప్పు ఇవ్వబోయి, పక్కన ఉన్న లాయరు కోటు మీద వొలకబోశాడు. లాయరు కోటు దులుపుకుని ఇంకో కప్పు అందుకున్నాడు, ఉచితంగా వచ్చిన చాయ్ కదా. నేను మాత్రం ఆ కప్పు ముట్టలేదు.

తర్వాత కొద్ది రోజులకు ఆమె ఒంటరిగా, నడిచి క్లాసుకు వచ్చింది. చేతిలో హెల్మెట్ లేదు. బెంచీ మీద కూర్చుని, అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది.

బస్‌స్టాప్ దగ్గర ఒక కాలేజీ అమ్మాయి ఎడమవైపు నుంచి రోడ్డు మీదికి దిగింది. ఈమె చూసింది. రెండు భుజాలూ తట్టింది. కాని చూసి, చెయ్యెత్తి, తట్టేసరికి ఆ క్షణం కాస్తా దాటిపోయింది. స్కూటర్ తగిలి అమ్మాయి పడింది. మోకాలు చెక్కుకుపోయింది, అరచేతులు గీరుకుపోయాయి. దేవుడి దయ, అంతకుమించి ఏమీ కాలేదు. ఆయన మాత్రం బండి దిగి, "యాడికెళ్లి వచ్చిందే గీ పిల్ల?" అని ఈమెనే అడిగాడు.

"జనం పోగైన్రు మేడం. మమ్మల్ని కొడ్తరేమో అనుకున్న. అందరు గా పిల్లనే తిట్టిన్రు. చూసుకోని దిగాలె గద, ఫోన్‌ల మాట్లాడుకుంట దిగుతవా అన్నరు. ఆమె చేతుల ఫోన్ గూడ లేకుండె. ఆఖరికి ఆ పిల్లనే మాకు సారీ అంకుల్ అని చెప్పింది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒక్కరన్న ఆయనను అంటే బాగుండు. ఒక్కరు అనలే."

నాకూ ఏడుపొచ్చింది. ఆ అమ్మాయి సారీ చెప్పిందన్న చోట ఆగలేకపోయాను. ఆ పిల్ల నా కూతురైతే, అనిపించింది.

ఆ రోజు నుంచి ఈమె సమ్మె చేసింది. స్కూటర్ వెనక ఎక్కనంది. భుజం తట్టే మనిషి లేకపోతే బండి కదలదని ఆయనకూ తెలుసు, పైకి ఒప్పుకోడు. కాబట్టి ఇద్దరూ నడిచి దుకాణానికి వెళ్ళడం మొదలుపెట్టారు. బజారులో అందరికీ ఆయన షుగర్ అని చెప్పుకున్నాడు, డాక్టర్ నడవమన్నాడని. షుగర్‌కు ఉన్న గౌరవం కంటి జబ్బుకు లేదు మరి. కాని తాళంచెవి జేబులోంచి తీయలేదు. "లగ్గాల సీజన్ రానీ. గిట్ల నడుసుకుంట పోతే గిరాకీ అంత పక్క దుకాణంకు పోతది. అప్పుడు నువ్వెక్కినా ఎక్కకున్నా నేనొక్కన్నే తీస్త బండి," అన్నాడట. పెళ్ళిళ్ళ సీజన్ ఎంతో దూరం లేదు.

నేను పుస్తకం మూసేశాను. ఆదివారం పొద్దున అబిడ్స్‌కు రమ్మని ఆమెకు చెప్పాను.

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలవాళ్ళు పరుచుకుంటారు. బండ్లు తక్కువ, కాబట్టి మిగతా రోజుల్లో కనపడనివి కొన్ని కనపడతాయి. మేమిద్దరం పెద్ద పోస్టాఫీసు దగ్గర కలుసుకుని బోర్డులు వెతుకుతూ బయల్దేరాం. వెతుకుతూ అని ఊరికే అనడం లేదు. ఒక బోర్డు మీద ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆయన చేతులు జోడించి నవ్వుతున్నాడు, వెనక ఏ నిషేధం ఉందో తొంగిచూస్తే తప్ప తెలియదు. ఒక బాణం గుర్తును ఏదో బండి గుద్దినట్టుంది, అది ఆకాశం వైపు చూపిస్తోంది. "పైకి పోవాల్నంటున్నదా?" అని అడిగింది. నో పార్కింగ్ స్తంభానికి ఒకడు తన మోటర్‌సైకిల్‌ను గొలుసు వేసి తాళం కట్టాడు, ఎవరూ ఎత్తుకుపోకుండా. దారివ్వండి అని చెప్పే తిరగేసిన ముక్కోణం స్తంభానికి పుస్తకాలాయన తన టార్పాలిన్ తాడు కట్టుకున్నాడు. అదేమిటో తెలుసా అని అడిగితే, "ఔ మేడం, ఎర్కే. మస్తు గట్టి గుంజ. తుఫానొచ్చినా కదలదు," అన్నాడు. ఆయన ముందున్న పుస్తకాల కుప్పలో డ్రైవింగ్ రూల్సు పుస్తకం కూడా ఒకటి ఉంది, ముట్టనట్టు కొత్తగా.

అలా నడుచుకుంటూ వాళ్ళ దుకాణం దగ్గరికి వచ్చాం. షట్టర్ దించి ఉంది. ముందు ఫుట్‌పాత్ అంచున ఒక స్తంభం, దాని మీద నో పార్కింగ్ బోర్డు, నీలం మీద ఎర్ర అంచు, అడ్డంగా ఎర్ర గీత. ఆమె దాని ముందు ఆగిపోయింది.

"గిది మా గుంజ," అంది.

"మీ గుంజ ఏంది?"

"రోజు లంగాల హ్యాంగర్లు దీనికే తగిలిస్తం. రంగులు రోడ్డు మీదికి కనపడాల్నని పైకెళ్లి కిందిదంక తగిలిస్త, నేనే. ఆదివారం నేను ఎన్నడు ఈడికి రాలే." దగ్గరికి వెళ్ళి బోర్డు రేకు మీద చెయ్యి పెట్టి చూసింది. "గీడ బోర్డు ఉన్నదా!"

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. అంతలోనే నవ్వు ఆపేసి, తన దుకాణం మెట్టు మీద కూర్చుంది.

"ఆయనకంటే పక్కచూపు పోయింది. నాకేమైంది మేడం?"

నేనూ పక్కన కూర్చున్నాను. నాకు తోచింది అడిగాను. "అక్కా, నువ్వు ఆయన భుజం ఎందుకు తడతావు?"

"ఆయనకు కనపడనిది నాకు కనపడ్తది గనుక."

"బోర్డు కూడా అదే పని చేస్తుంది. మలుపు అవతల ఏముందో బండి మీదున్నవాడికి కనపడదు. చూసినవాళ్ళెవరో ముందే అక్కడొక బోర్డు పెట్టి పోయారు."

ఆమె చాలాసేపు ఆ బోర్డునే చూసింది. "అంటే గవర్నమెంటు ఎన్క సీటుల కూసోని తట్టినట్టన్న మాట."

"ఔ."

"మరి ఎవ్వరు ఆగరేంది?"

"నువ్వు తట్టినా ఆయన ఆగకపోతే ఏం చేస్తావు?"

"నడుము మీద గుద్దుత."

"దాన్నే చలాన్ అంటారు."

ఇద్దరం మళ్ళీ నవ్వుకున్నాం. లేచి పోతూ ఆమె తనంతట తానే అంది, "అయితే సందు ఉన్నది గనుకనే తిరగకని బోర్డు పెట్టిన్రు. సందు లేని కాడ వద్దని చెప్పేటి పనే లేదు గద." నేను పుస్తకం పట్టుకుని గొంతు చించుకుని చెప్పలేకపోయింది, ఆమె చెప్పులు వేసుకుంటూ చెప్పేసింది. నాకు సంతోషంగానూ ఉంది, కాస్త కడుపుమంటగానూ ఉంది.

అక్కడి నుంచి ఇంక ఆమెను ఎవరూ పట్టుకోలేకపోయారు. మర్నాడు లంగాల హ్యాంగర్లు స్తంభం మీంచి తీసి దుకాణం లోపల తగిలించిందట. లంగాలు కనపడక గిరాకీ తగ్గుతుందని ఆయన రెండు పూటలా అలిగాడు. క్లాసులో నేను బొమ్మ ఎత్తకముందే జవాబు చెప్పేది. చెప్పి ఊరుకోకుండా, "అన్నా, ఫోన్ జేబుల పెట్టు. నీ ఇంటామె ఎన్క కూసోని తడ్తున్నది అనుకో, ఇటు చూడు," అని మగవాళ్ళకు క్లాసు తీసుకునేది. లాయరు ఒకరోజు నో ఎంట్రీ మీద మళ్ళీ వాదన మొదలుపెడితే, "సార్, మీ కోర్టు గుమ్మం కాడ బంట్రోతు చెయ్యి అడ్డం పెడ్తడు గద. ఆయన చేతి మీద ఏమన్న రాసుంటదా?" అంది. లాయరు కోటు సర్దుకుని, కేసు వాయిదా పడ్డట్టు కూర్చున్నాడు. ఆయన మీద నేను గెలిచిన కేసు అదొక్కటే, అదీ వేరేవాళ్ళు వాదిస్తే.

రెండోసారి లర్నింగ్ పరీక్ష పాసైంది. గడువు నిండాక ట్రాక్ మీద స్కూటర్‌తో ఎనిమిది అంకె వేసి చూపించింది, కాలు కింద పెట్టలేదని మా బావ మెచ్చుకున్నాడు. లైసెన్స్ కార్డు పోస్టులో ఇంటికి వచ్చింది. అప్పటికి లగ్గాల సీజన్ రేపో మాపో అన్నట్టుంది. ఈసారి చాయ్ పార్టీ ఏమీ లేదు.

వాళ్ళిద్దరూ ఒక సాయంత్రం మా గల్లీలోకి వచ్చారు. స్కూటర్‌ను నడపకుండా తోసుకుంటూ వచ్చారు. తాళంచెవి మాట నలుగురి ముందర అన్నాడు కాబట్టి నలుగురి ముందరే ఇస్తాడట. క్లాసు వదిలి మగవాళ్ళందరూ మెట్ల మీద నిలబడ్డారు. ఆయన ప్యాంటు జేబులు వెతికాడు, చొక్కా జేబు వెతికాడు. తాళంచెవి ఆయన ఎడమచేతిలోనే ఉంది, పక్కకు పెట్టుకున్న చేతిలో. ఎవరం నవ్వలేదు. ఆమె వెళ్ళి మెల్లగా ఆ వేళ్ళు విప్పి తీసుకుంది.

"జర మెల్లగ పో," అన్నాడు. అప్పటిదాకా ఆయన మీద నాకున్న కోపం ఎటుపోయిందో తెలియదు. అన్నేళ్ళు హ్యాండిల్ పట్టుకున్న చేతులు వెనక సీటు మీద ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లో ఆడుతున్నాయి. "భుజం పట్టుకోండ్రి," అంది ఆమె హెల్మెట్ పెట్టుకుంటూ. పట్టుకున్నాడు.

నాకూ ఇంటికి వెళ్ళే వేళయింది. నా స్కూటర్ తీసుకుని, దుకాణానికి పోతున్న వాళ్ళ పక్కనే బయల్దేరాను. ఆమె మెల్లగానే నడిపింది. వంకర టింకర లేదు. నాకే మాటిమాటికీ వాళ్ళ వైపు చూడాలనిపించింది. అబిడ్స్ దాకా రాకముందే ఒక చౌరస్తా వస్తుంది. అక్కడ ఎడమవైపు స్తంభం మీద ఒక సిగ్నల్ లైటు ఉంటుంది. నేను డిగ్రీ చదివే రోజుల నుంచీ ఉంది. ఎర్రగా పడింది. ఆమె ఆగింది, నేనూ ఆగాను. ఇంకెవరూ ఆగలేదు. వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. ఒక మోటర్‌సైకిలాయన మా ఇద్దరి మధ్యలో చక్రం దూర్చి, "నడువమ్మా, పోలీసోడు లేడు గద!" అని అరిచాడు.

వెనక సీటు మీద ఆయన కంగారు పడ్డాడు. "ఏమైందే? బండి బందయిందా?"

"లేదు. ఎర్ర లైట్ పడ్డది."

"ఈడ లైట్ ఏడిది?"

"గా ఎడమదిక్కు చూడుండ్రి. తలకాయ మొత్తం తిప్పి చూడుండ్రి."

ఆయన మెడ మొత్తం తిప్పాడు. ఆ ఎర్రటి వెలుగు ఎదురుగా వచ్చేదాకా తిప్పి, దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఎప్పుడు పెట్టిన్రు దీన్ని?"

ఆమె నా వైపు చూసింది. "ఎప్పటిసంది ఉన్నదో నాకు గూడ ఎర్క లేదు," అంది. "నేను గూడ క్లాసుకు పోయినంకనే చూసిన."

భార్య భుజాల మీది ఆయన చేతులు బిగుసుకోవడం నాకు కనపడింది. ఆ కాలేజీ అమ్మాయి గుర్తొచ్చిందేమో. లేక, తగలకుండా తప్పించుకుపోయిన మిగతా అందరూ ఒక్కసారే గుర్తొచ్చారేమో.

"మరి గిన్నేండ్లు మనం ఎట్ల పోయినమే ఈడికెళ్లి?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"అందరు ఎట్ల పోతున్నరో గట్లనే పోయినం."

పచ్చ లైటు పడింది. మేం కదిలేసరికి మా వెనకాల ఎవరూ లేరు. హారన్ కొట్టినవాళ్ళందరూ అప్పటికే మమ్మల్ని దాటి వెళ్ళిపోయారు.